తాబితా చక్కెర ఎంత?

ఇంట్లో జబ్బు మనిషి ఉంటే ముందు ఆమెకు పెట్టి, తర్వాతే మిగతావాళ్ళు తినాలి. రిబ్కా వాళ్ళింట్లో ఆ పద్ధతి ఎవరూ తప్పలేదు. పొద్దున కాఫీ, మధ్యాహ్నం అన్నం, వెదురు బొంగులో పంది మాంసం కాల్చిన రోజైతే అందులో మెత్తటి ముక్క, అన్నీ ముందు దక్షిణపు గదిలోకే వెళ్ళేవి. దమారిస్ పిన్ని పళ్ళెం దించి, "అక్కా, లే, చల్లారిపోతోంది" అని పిలిచేది. కాసేపు కూర్చుని, పళ్ళెం తీసుకుని వచ్చేసేది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉండేది.

రిబ్కా తల్లి తాబితా ఊపిరి ఆగి అప్పటికి ఐదు నెలలు.

అయినా ఆ మాట ఇంట్లో ఎవరూ అనరు. వరి కోతలయ్యాక చుట్టాలంతా కూడి, వాకిట్లో బలిచ్చే మొదటి దున్న నేలకూలితే అప్పుడు తాబితా చనిపోయినట్టు. అప్పటిదాకా ఆమెకు ఒంట్లో బాగాలేదు, అంతే. తొరాజా కొండల్లో తాతల నాటి నుంచీ ఇంతే. పట్నం నుంచి ఒకాయన వచ్చి ఒళ్ళు చెడకుండా మందు ఎక్కించి వెళ్ళాడు. ఎర్రబట్టల్లో పొరలు పొరలుగా చుట్టి, ముఖం మాత్రం వదిలి, పరుపు మీద పడుకోబెట్టారు. పడుకున్నా ఫోను చేతిలో లేకపోతే ఊరుకునే మనిషి కాదు కాబట్టి, ఫోను కూడా ఆ బట్టల పొరల్లోనే, చేతి దగ్గర పెట్టారు. దాని ఛార్జింగ్ ఆ వారంలోనే అయిపోయింది.

రిబ్కాకు ఇందులో భయమేమీ లేదు. సాయంత్రమైతే వెళ్ళి పక్కన చతికిలబడి, ఎవరి పంది ఈనిందో, చర్చిలో ఎవరు ఎవరి వంక చూశారో చెప్పేది. మందు వాసనకు మొదట్లో కళ్ళు మండేవి. తర్వాత అదీ అలవాటైంది. అమ్మ వాసన ఇప్పుడిది, అనుకుంది.

సమస్యంతా యాప్‌తో వచ్చింది.

రిబ్కాకు చిన్నప్పటి నుంచీ షుగర్. మాత్రలకు లొంగే రకం కాదు, పూటపూటా ఇన్సులిన్ సూది వేసుకోవాల్సిందే. ఎడమ చేతికి, భుజం కింద, చొక్కా బొత్తాం కన్నా కాస్త పెద్ద బిళ్ళ ఒకటి అంటించుకుని ఉంటుంది. ఒంట్లో చక్కెర ఎంతుందో ఆ బిళ్ళ ఫోనుకు చెబుతూ ఉంటుంది. తాబితాకు షుగర్ నడివయసులో వచ్చింది. క్లినిక్‌లో నర్సు ఇద్దరి ఫోన్లలోనూ ఒకే యాప్ వేసి, ఇద్దరినీ ఒక కుటుంబంగా కలిపింది. తెర మీద రెండు గుండ్రాలు. ఒకదాని కింద రిబ్కా, ఒకదాని కింద తాబితా.

నిద్రలో రిబ్కా చక్కెర పడిపోయిందంటే తాబితా ఫోను కోడిలా కూసేది. ఆ కూత ఆవిడ ఏరికోరి పెట్టుకున్నదే. ఇంకే చప్పుడుకూ నాకు మెలకువ రాదు అనేది. కూత కింద జవాబు రాసిపెట్టి ఉంటుంది, నొక్కడమే తరువాయి: 'వస్తున్నాను'. అది నొక్కి, లేచి, చీకట్లోనే వంటగదిలోకి తడుముకుంటూ వెళ్ళి, ఆకులో చుట్టిన తాటిబెల్లం విరిచి పట్టుకొచ్చేది.

"నోరు తెరువు."

అంతే, ఇంకో మాట ఉండేది కాదు. రిబ్కా కళ్ళు తెరవకుండానే పిచ్చుక పిల్లలా నోరు తెరిచేది. పొద్దున లేచాక పళ్ళ సందులో ఆకు ఈనె తగిలితే, ఓహో రాత్రి వచ్చిందన్నమాట, అనుకునేది. ఆ కోడే కూయకపోతే తను ఎన్నడో దక్షిణపు గదిలో దున్నల కోసం ఎదురుచూస్తూ పడుకునేదాన్నని రిబ్కాకు తెలుసు.

యాప్‌కు మాత్రం ఈ ఇంట్లో ఏం జరిగిందో తెలియదు. పొద్దునా సాయంత్రం రిబ్కా ఫోనులో కూడా, తాబితా పెట్టిన ఆ కోడే కూసి అడిగేది, తాబితా మాత్ర వేసుకుందా? తాబితా చక్కెర ఎంత? కుటుంబంలోంచి పేరు తీసేద్దామని చూస్తే కారణం చెప్పమంది. మూడే కారణాలు. నయమైంది. ఫోను మార్చారు. చనిపోయారు. మొదటిది అబద్ధం. రెండోది నొక్కితే కొత్త ఫోను నంబరు అడిగింది. మూడోదాని మీదికి వేలు పోలేదు. వెనక నుంచి తొంగిచూసిన అన్న పసాంగ్ ఆమె చేతిలోంచి ఫోను లాక్కున్నంత పని చేశాడు. దున్న పడకముందే అమ్మను చంపిన కూతురివి నువ్వొక్కదానివే అవుతావే, తెలిసే చేస్తున్నావా అన్నాడు.

పిన్నికి ఇదంతా చాదస్తంగా తోచింది. జబ్బు మనిషి ఇంట్లో ఉంటే యోగక్షేమాలు అడగరా, అడిగినదానికి జవాబు చెప్పి పడేస్తే అదే నోరు మూసుకుంటుంది కదా అంది. నిజమే అనిపించింది. పళ్ళెం అంచున మాత్ర పెట్టి, వేసుకుంది అని నొక్కేది రిబ్కా. కానీ చక్కెర సంగతి అలా కుదరదు. ఆ అంకె చేత్తో రాస్తే తీసుకోదు, తాబితా మీటరే నేరుగా పంపాలి. మీటరుకు కావలసింది నెత్తురు.

ఒక సాయంత్రం చర్చి నుంచి పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తుంటే కోడి కూయడం మొదలుపెట్టింది. ఆపినా మళ్ళీ కూసింది. ఆయన గొంతు పెంచాడు, అదీ పెంచింది. రిబ్కా తల కొట్టేసినట్టయి, అమ్మ మీటరు తీసి, తన వేలు పొడుచుకుని చుక్క అద్దింది. అన్నాళ్ళూ ఖాళీగా ఉన్న తాబితా గుండ్రం పచ్చగా వెలిగింది. శభాష్ తాబితా, అంది యాప్. ఆ రాత్రి భోజనాల దగ్గర పసాంగ్ ఆ మాటే పట్టుకుని నవ్వించాడు. బతికి... అని నాలుక కరుచుకుని, లేచి తిరిగిన రోజుల్లో అమ్మ షుగర్ ఎప్పుడైనా ఇంత బాగుందా అన్నాడు. పిన్ని కూడా నవ్వింది.

అప్పటి నుంచీ అది రోజూ పనైంది. సాయంత్రమైతే ఒక చుక్క అమ్మకు. తప్పని ఎవరికీ తట్టలేదు.

ఆ రోజు పక్క కొండ మీద ఎవరికో దున్నలు కోస్తున్నారు. పంది తీసుకుని వెళ్ళకపోతే మాట వస్తుంది. పిన్ని, పసాంగ్ పొద్దున్నే బయల్దేరారు. జబ్బు మనిషిని ఒంటరిగా వదలకూడదు గనక రిబ్కా ఆగిపోయింది. చీకటి పడకముందే వచ్చేస్తాం, పొంతకుండలో నీళ్ళు చూస్తూ ఉండు అంది పిన్ని. వెదురు గడకు కట్టిన పందిని భుజానికెత్తుకుంటూ పసాంగ్, "నువ్వు అమ్మను చూసుకో, అమ్మ నిన్ను చూసుకుంటుంది" అని పళ్ళికిలించాడు.

మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. పడవలా రెండు కొసలూ ఎత్తిన రేకు కప్పు మీద రాళ్ళు దొర్లించినట్టు చప్పుడు. పొగమంచు కొండ దిగి వాకిట్లోకి, అక్కణ్ణించి మెట్లెక్కి గుమ్మం దాకా వచ్చింది. ఆ ఇళ్ళ కిటికీలు అరచేయంతే ఉంటాయి. పగలే ఇంట్లో ముసురు చీకటి.

రిబ్కా భోజనానికి ముందు వేసుకోవాల్సిన ఇన్సులిన్ వేసుకుంది. వేసుకున్నాక గుర్తొచ్చింది, ముందు అమ్మకు పెట్టాలి కదా. పళ్ళెంలో అన్నం, చేప ముక్క, అంచున మాత్ర, కాఫీలోకి నంజుకుంటుందని ఆకు విప్పని బెల్లం పొట్లం ఒకటి పెట్టుకుని దక్షిణపు గదిలోకి వెళ్ళింది.

"అమ్మా, లే. చల్లారిపోతోంది."

పిన్ని కూర్చున్నంతసేపు కూర్చోవాలి. గోడకు ఆనుకుంది. వాన జోల పాడింది.

ఫోను మోతకు కళ్ళు తెరిచేసరికి ఒళ్ళంతా చెమట. నాలుక మొద్దుబారింది. తెర మీద తన గుండ్రం ఎర్రగా ఉంది. అరవై ఎనిమిది. పక్కన కిందికి బాణం. తినకుండా నిద్రపోయాను, అనుకుంది. కంగారేం పడలేదు, చిన్నప్పటి నుంచీ ఎరిగిన దారే. వంటగదిలోకి వెళ్ళి చట్టిలోంచి బెల్లం తీసి చప్పరించింది. కాసేపట్లో అంకె లేవాలి.

లేవలేదు. అరవై ఒకటి.

ఇంకో ముక్క నమిలింది. చల్లటి అన్నం గుప్పెళ్ళతో కుక్కుకుంది. పొయ్యి పక్కనే కూలబడి ఫోను వంక చూస్తూ కూర్చుంది. అప్పుడు కనపడింది రెండో గుండ్రం. ఇవాళ ఇంకా వేలు పొడవలేదు. ఆ చుక్క సాయంత్రానిది. అయినా తాబితా పేరు మీద అంకె ఉంది. నూట నలభై. నిన్నటిదేమో అనుకుంది.

చూస్తుండగానే నూట యాభై రెండైంది.

రిబ్కా మూడో ముక్క నోట్లో పెట్టుకుంది. తీపి నాలుకకు తెలుస్తోంది. గొంతు దిగడం తెలుస్తోంది. ఆ తర్వాత ఎటు పోతోందో తెలియడం లేదు. తనది యాభై ఐదు. అమ్మది నూట తొంభై.

పసాంగ్‌కు ఫోను కలిపింది. ఎన్నోసారికో కలిసింది. అవతల కూడా వాన. మలుపు దగ్గర కొండచరియ జారి దారి మూసుకుపోయిందట, అడవి దారిన చుట్టూ తిరిగి నడిచి వస్తున్నారట. బెల్లం తిను అన్నాడు. తిన్నాను అంది. ఇంకా తినవే అన్నాడు.

"నేను తింటుంటే అమ్మది పెరుగుతోంది అన్నయ్యా."

అవతల ఫోను చేతులు మారింది. తర్వాత పిన్ని గొంతు, ఎవరో వింటారన్నట్టు చిన్నగా.

"మీటరు మీద రోజూ ఎవరి నెత్తురే పెట్టింది?"

"నాదే పిన్నీ."



"రోగికి పెట్టింది రోగిదే రిబ్కా. వెనక్కి తీసుకునే ఆచారం లేదు." గొంతు ఇంకా తగ్గించి, "అడుగు. మీ అమ్మే కదా. మెల్లగా అడుగు" అంది. అంతలో సిగ్నల్ పోయింది.

రిబ్కా గోడ పట్టుకుని దక్షిణపు గది దాకా వచ్చింది. గుమ్మం దగ్గరే కాళ్ళు మడతపడ్డాయి. మోకాళ్ళ మీద పాకింది. మందు వాసన రోజూ ఉన్నట్టే ఉంది, కానీ దాని కింద ఇంకేదో వాసన. కాగుతున్న బెల్లం పాకం వాసన. అరచేతి కింద ఏదో కదిలింది. చీమలు. ఆ మందు వాసనకు ఐదు నెలల్లో ఈగ కూడా వాలని గది అది. ఇప్పుడు వంటగది గుమ్మం నుంచి వరస కట్టి, పలకల సందుల్లోంచి, పరుపు అంచు మీదుగా, ఎర్రబట్ట మీద సన్నటి నల్లదారంలా ఎక్కుతున్నాయి.

దారం తాబితా పెదవుల దగ్గర ఆగింది. పెదవులు తడిగా మెరుస్తున్నాయి.

"అమ్మా..." మాట ముద్దగా వచ్చింది. "నాకు చాలట్లేదమ్మా... కొంచెం నాకొదిలెయ్యి."

తాబితా కళ్ళు మూసుకునే ఉంది. రోజూ ఎలా ఉందో అలాగే.

నలభై ఏడు. అమ్మది మూడు వందలు దాటింది.

కళ్ళ ముందు తెర రెండుగా విడిపోతోంది. కుటుంబం. తాబితా. పేరు తీసేయి. కారణం చెప్పండి. మూడోది. ఆ మాట నొక్కితే రోగి ఇక రోగి కాదు. రోగి కాకపోతే పెట్టనక్కర్లేదు. అంత చిన్న లెక్క. ఐదు నెలలుగా ఊరంతా కాచుకుంటూ వచ్చిన మాట... కన్నకూతురు, దున్న లేకుండా, పాట లేకుండా, చీమల మధ్య, ఫోనులో...

"తప్పయితే క్షమించు."

నొక్కింది.

ఫోను తాపీగా చెప్పింది. కుటుంబంలో మరొకరు ఒప్పుకోవాలి. అడుగుతున్నాం.

కుటుంబంలో ఇంకొకరు ఒక్కరే.

వాన ఆగిపోయింది. వెలిసినట్టు కాదు, ఎవరో మూత పెట్టినట్టు. చూరు నీళ్ళు కూడా పడటం లేదు. ఆ నిశ్శబ్దంలో...

కోడి కూసింది.

బట్టల పొరల లోపలి నుంచి. ముసుగేసుకుని కూసినట్టు, గుడ్డ అడ్డుపడి, బొంగురుగా. ఎర్రటి నేత వెనక వెలుతురు పుట్టింది. తాబితా చెయ్యి ఉండే చోట. చీమలు ఒక్కసారిగా నిలిచిపోయాయి. మళ్ళీ కూసింది. మూడోసారి మొదలుపెట్టి, సగంలో ఆగిపోయింది.

ఎవరైనా నొక్కితేనే అది అలా ఆగుతుంది.

రిబ్కా తెర మీదికి జవాబు వచ్చింది.

తాబితా: వస్తున్నాను.

వెలుతురు ఆరిపోయింది.

వెనక్కి జరగాలనుకుంది. కాళ్ళు తనవి కావు. అరవాలనుకుంది. ఊపిరి కూడా అందడం లేదు. పలక కిర్రుమంది. ఆగింది. ఇంకోటి కిర్రుమంది, దగ్గరగా. ఎండిన గుడ్డ నేలకు రాసుకుంటున్న చప్పుడు. ఆకు విప్పుతున్న గలగల... ఎంత నెమ్మదిగా విప్పుతున్నారు. మందు వాసన ముఖం మీదికి వంగింది.

చల్లగా ఏదో గడ్డానికి ఆనింది.

"నోరు తెరువు."

వద్దనుకుంది. దేవుడి తోడు, వద్దనే అనుకుంది.

నోరు తనంతట తనే తెరుచుకుంది. ఎన్నేళ్ళ అలవాటో అది.

కళ్ళు తెరిచేసరికి పసాంగ్ ఒళ్ళో తల ఉంది. అతని జుట్టులోంచి నీళ్ళు ఆమె నుదుటి మీద కారుతున్నాయి. పిన్ని అరికాళ్ళు రుద్దుతోంది. లాంతరు వెలుగులో ఇల్లు ఎప్పటిలాగే ఉంది. బయట వాన ఎప్పటిలాగే కురుస్తోంది. ఒక్క పూట ఇల్లప్పగిస్తే చట్టెడు బెల్లం ఊడ్చేశావే అన్నాడు పసాంగ్, నవ్వబోతూ. ఫోను చూపించాడు. నూట పన్నెండు. పక్కన అడ్డంగా బాణం. తాబితా గుండ్రం ఖాళీగా ఉంది.

దక్షిణపు గదిలో తాబితా కదలలేదు. బట్ట మీద ముడులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. చీమ ఒక్కటి లేదు. పళ్ళెంలో అన్నం, చేప అలాగే ఉన్నాయి. బెల్లం పొట్లం మాత్రం విప్పి ఉంది, ఆకు ఖాళీ. పిన్ని ఆ ఆకు మడిచి నడుముకు దోపుకుంది. రిబ్కా నాలుకకు పళ్ళ సందులో ఈనె తగిలింది. అప్పుడు ఏడుపొచ్చింది. అమ్మే వచ్చింది అన్నయ్యా, బతికించింది అంది. చెప్పాను కదే, అన్నాడు పసాంగ్.

కళ్ళు తుడుచుకోబోయి ఎడమ చెయ్యి నిమురుకుంది రిబ్కా. భుజం కింద నున్నగా తగిలింది.

బిళ్ళ లేదు. జిగురు వదిలిన గుండ్రటి మచ్చ మాత్రం ఉంది.

చాప దులిపారు. పలకల సందుల్లో లాంతరు పెట్టి వెతికారు. దొరకలేదు. ఊడిపోతే అంకె రాకూడదు. అంకె వస్తూనే ఉంది. నూట పన్నెండు. ఆ బిళ్ళకు నాలుగు బారల దూరం దాటితే ఫోనుతో మాట ఉండదు. రిబ్కా ఫోను పట్టుకుని మెట్లు దిగి ధాన్యపు కొట్టు దాకా నడిచింది. అంకె పోయింది. వంటగదిలోకి వచ్చింది. లేదు. దక్షిణపు గది గుమ్మంలో అడుగు పెట్టింది.

నూట పన్నెండు.

"పిన్నీ, ఆ బట్ట ఒక్కసారి విప్పి చూద్దాం."

పిన్ని ఆమె చేతి మీది మచ్చ వంక చూసింది, అక్క వంక చూసింది. "కోతలు కాకుండా ఆ ముడి ఎవరూ విప్పకూడదు, నీకు తెలుసు" అంది. పసాంగ్ వేరే వంక చూస్తూ నిలబడ్డాడు.

రాత్రి భోజనం వేళయింది. పిన్ని అన్నం వడ్డించి లోపల పెట్టింది. "అక్కా, లే, చల్లారిపోతోంది." రిబ్కా గుమ్మంలో నిలబడి ఉంది. తను ఇంకా మెతుకు ముట్టలేదు. ఫోనులో తన గుండ్రం, కింద తన పేరు. నూట పన్నెండు... నూట పంతొమ్మిది. పళ్ళెంలో అన్నం మీద ఆవిరి లేస్తోంది. నూట ముప్పై నాలుగు. బాణం పైకి తిరిగింది.

ఇది నాది కాదు, అనుకుంది రిబ్కా. మరి నాది ఎంత? సూది వేసుకోవాలా వద్దా? బెల్లం తినాలా వద్దా? తెలుసుకోవడానికి ఇక మీటరు ఒక్కటే దిక్కు. పెట్టెలోంచి తీసి, లాంతరు దగ్గర కూర్చుని వేలు పొడుచుకుంది. నొప్పి తెలియలేదు. వేలు పిండింది.

రాలేదు.

పక్క వేలు పొడిచింది. మొదటి కణుపు నుంచి కొస దాకా గట్టిగా పిండింది. వేలి కొస తెల్లగా, మైనంలా ఉంది. సూది దిగిన చోట చిన్న కంత కనిపిస్తోంది. అందులోంచి ఏమీ రావడం లేదు.

ఒళ్ళో ఫోను కోడిలా కూసింది. తాబితా చక్కెర ఎంత?

రిబ్కా మూడో వేలు తీసుకుంది.